నాయినకు యాదికుంటలేదు: ముందు గోలీల డబ్బా తెరవండి

మర్రిగూడ దిక్కు ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన వయసు 42. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు, వారానికోసారి ఊరికి పోయి వస్తారు. బాధంతా వాళ్ళ నాయిన గురించి. ఆయనకు 68 ఏళ్ళు, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. బీపీ వచ్చి 15 ఏళ్ళు, షుగర్ వచ్చి 11 ఏళ్ళు. ఏడెనిమిది నెలలుగా మనిషి మారిపోయారట. ఎరువుల దుకాణంలో పొద్దున కట్టిన పైసలే సాయంత్రం మళ్ళీ కట్టివచ్చారు. డ్రిప్పు వాల్వు ఏది తిప్పారో మరిచిపోతే ఒకే వరుసకు రాత్రంతా నీళ్ళు పారాయి. కొన్ని రోజులు తెల్లవారుజామున నాలుగింటికి చెమటలతో లేచి, అమ్మను కొత్త మనిషిని చూసినట్టు చూసి, కారణం లేకుండా తిడతారు. అమ్మ ఛాయ్ పెట్టిస్తే కాసేపటికి మామూలవుతారు. తెల్లారి అడిగితే "నేనెప్పుడన్నాను?" అంటారు.

ఆయన వేసుకునే గోలీల పేర్లన్నీ వరుసగా రాశారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన గోలీ రెండు పూటలా. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. ఐదు నెలల కింద వాటికి క్లోర్‌థాలిడోన్ తోడైంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు కాబట్టి మోకాళ్ళు, నడుము బిగుసుకుపోయాయి. ఆ నొప్పులకు ఏడాదికి పైగా మందుల షాపు నుంచి తెచ్చిన గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సాయంత్రం కల్లు కాంపౌండులో రెండు గ్లాసులు. అది దొరకని రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1 వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది కానీ దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. షుగర్ ఎక్కువైతే మెదడు పాడవుతుందని ఎక్కడో విని, అమ్మ రాత్రి బువ్వ మాన్పించి ఒక్క జొన్న రొట్టె పెడుతోంది. పక్కింటివాళ్ళు గాలి సోకిందంటున్నారు. ఊళ్ళో ఆరెంపీ మెదడు టానిక్ ఇచ్చారు. హైదరాబాద్‌లో ఉన్న అన్న "వెంటనే ఎమ్మారై తీయిద్దాం, నాయిన మతి పోకముందే భూమి రిజిస్ట్రేషన్ చేయిద్దాం" అని ఒత్తిడి చేస్తున్నారు. చివర్లో తన సంగతి కూడా రాశారు: బీపీ 146/94, పరగడుపు షుగర్ 112, నడుం చుట్టుకొలత 98 సెంటీమీటర్లు, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) 240, మంచి కొలెస్ట్రాల్ 34. "ఇది వయసా, షుగరా, మతిమరుపు జబ్బా? అన్న మాట వినాలా? రేపు నాకూ ఇదే రాసిపెట్టి ఉందా?" అని మూడు ప్రశ్నలు అడిగారు.

మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే మాటను మీరు మాటవరసకు రాసినట్టు రాశారు. ఛాయ్ తాగితే కాసేపటికి మామూలవుతారు అన్నది. ఆ ఛాయ్‌లో అమ్మ చక్కెర వేస్తోందా? మిగతా వేళల్లో చక్కెర మాన్పించిన మనిషే, ఆ వేళ ఆయన అవస్థ చూడలేక ఒక చెంచా వేస్తూ ఉండొచ్చు. అడిగి చూడండి. మతిమరుపు జబ్బు ఏదీ ఒక కప్పు తీపి ఛాయ్‌తో పావుగంటలో తగ్గదు. రక్తంలో షుగర్ పడిపోతే మాత్రం అచ్చం ఇట్లాగే ఉంటుంది. చెమటలు, వణుకు, అయినవాళ్ళను గుర్తు పట్టకపోవడం, కోపం, తర్వాత ఏమీ గుర్తు లేకపోవడం. గుర్తు లేదని ఆయన బుకాయించడం లేదు. షుగర్ బాగా పడిపోయిన ఆ అరగంటలో మెదడు ఏ జ్ఞాపకాన్నీ పట్టి ఉంచుకోలేదు.

మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు వంతులే అయినా ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో ఐదో వంతు దానిదే. కండలాగా, కాలేయంలాగా అది షుగర్‌ను నిల్వ పెట్టుకోలేదు. నిమిష నిమిషానికీ రక్తం తెచ్చివ్వాల్సిందే. అందుకే గుండె, రక్తనాళాలు, షుగర్ వీటిలో దేనికి తేడా వచ్చినా దాని దెబ్బ మెదడుకూ తగులుతుంది.

ఇప్పుడు గోలీల డబ్బాలో ఉన్నవి ఒకదాన్నొకటి ఎట్లా తోసుకుంటున్నాయో చూడండి. నొప్పి గోలీలు (డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ రకాలు) రోజూ వేసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. అది పెరిగిందనే మూడో బీపీ గోలీ చేరి ఉండొచ్చు. నొప్పి గోలీ, టెల్మిసార్టాన్, మూత్రం పోయించే క్లోర్‌థాలిడోన్ ఈ మూడూ ఒకే ఒంట్లో కలిస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ భారం పడుతుంది. 68 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 50 మిల్లీలీటర్ల లోపుకు వచ్చిందని లెక్క. 90 దాటితే మామూలు. కిడ్నీ మందగిస్తే గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి తొందరగా పోదు. రాత్రి వేసుకున్న గోలీ తెల్లవారేదాకా షుగర్‌ను దించుతూనే ఉంటుంది. ఆ గోలీకి సరిపడా తిండి రాత్రి పడాలి. పడుతున్నది ఒక్క రొట్టె, దానికి ముందు కల్లు. కల్లులోని సారాయి గుణం కాలేయం చేసే పనిని ఆపుతుంది. రాత్రిపూట షుగర్ పడిపోకుండా రక్తంలోకి వదిలేది ఆ కాలేయమే. వీటన్నిటి లెక్కా తెల్లవారుజామున నాలుగింటికి తేలుతోంది.

ఇది నా అనుమానం మాత్రమే, తీర్పు కాదు. కానీ తేల్చుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ. ఇంట్లో వాడే గ్లూకోమీటర్ ఒకటి కొనండి. ఏడు రోజులు రాత్రి పడుకునేముందు, తెల్లవారుజామున మూడింటికి, పొద్దున పరగడుపున, మధ్యాహ్నం తినేముందు చూడాలి. ఎప్పుడైనా ఆయన తేడాగా మాట్లాడితే ఆ క్షణంలో కూడా. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక వేలి పక్కన గుచ్చాలి, కొస మీద కాదు. మీ ఇంట్లో ఇది మరీ ముఖ్యం: బత్తాయి ఒలిచిన వేళ్ళకు రసం అంటుకొని ఉంటే 65 ఉన్న షుగర్ కూడా ఎంతో ఎక్కువ చూపిస్తుంది, మీరు నిశ్చింతగా పడుకుంటారు. స్ట్రిప్పుల సీసా మూత ఎప్పుడూ బిగించి ఉంచండి. మన దిక్కు ఎండాకాలం రేకుల ఇంట్లో, బండి డిక్కీలో పెడితే అవి పాడవుతాయి.

70 లోపు వస్తే అది పడిపోయినట్టే. 54 లోపు అయితే మెదడు పని దెబ్బతినే స్థాయి. తెలివిలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. దాటాక ఏదైనా తినిపించాలి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి లేచి మళ్ళీ పడుతుంది, ఒక్కోసారి రోజంతా, కాబట్టి తగ్గింది కదా అని పడుకోబెట్టి వదిలేయొద్దు. ఆ రోజే దవాఖానలో చూపించాలి. మనిషి పలకకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఏడు రోజులు ఆగి డాక్టర్ దగ్గరికి పోవడమా, ముందే పోవడమా? మీ నాయిన విషయంలో ఆగొద్దు. నా మాటైతే ఈ రెండు రోజుల్లోనే గోలీలన్నీ డబ్బాతో సహా తీసుకుపోండి. చీటీలో రాసినవే కాదు, షాపులో అడిగి తెచ్చినవీ, టానిక్ సీసా కూడా. నల్లగొండ సర్కారు పెద్ద దవాఖానలో అయినా, మీకు నమ్మకమున్న జనరల్ ఫిజీషియన్ దగ్గరైనా సరే. అడగాల్సింది సూటిగా అడగండి: "క్రియాటినిన్ 1.6 ఉంది, తెల్లవారుజామున చెమటలు పట్టి తికమక పడుతున్నారు. గ్లిమెపిరైడ్ తగ్గించాలా, మార్చాలా? నొప్పి గోలీ ఆపొచ్చా?" షుగర్‌ను ఉన్నట్టుండి పడేయని మందులు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని తక్కువ ధరకే దొరుకుతున్నాయి. కిడ్నీ లెక్కను బట్టి ఏది సరిపోతుందో డాక్టర్ చెబుతారు. బీపీ, షుగర్ గోలీలను మాత్రం మీ అంతట మీరు ఆపేయొద్దు. ఈ లోపల మీ చేతిలో ఉన్నదేమిటంటే, రాత్రి గోలీ వేసుకుంటే బువ్వో రొట్టెలో కూరతో కడుపునిండా పెట్టడం. మాన్పించిన రాత్రి బువ్వ గురించి అమ్మను తప్పుపట్టకండి. ఆమె విన్న మాట అబద్ధం కాదు, సగం నిజం. అంతే.

ఆ సగం నిజం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 6.1 చూసి మీరంతా మోసపోయారు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు. 6.1 అంటే సగటున 128 దగ్గర. మీ బోరు మోటారుకు కరెంటు ఒక పూట 160, ఒక పూట 260 వోల్టులు వస్తే సగటు 210 అని మోటారు బతుకుతుందా? సగటు బాగున్నా రోజూ కిందికి పడే షుగర్ మెదడును దెబ్బతీస్తుంది. ఈ మాట ఊహించి చెప్తున్నది కాదు. అమెరికా, కెనడాల్లో 10,251 మంది షుగర్ పేషెంట్లతో జరిగిన ఆకార్డ్ అనే పరిశోధనలో సగం మందికి హెచ్‌బీఏ1సీని 6 లోపుకు దించాలని గట్టిగా ప్రయత్నించారు. ఆ గుంపులో చావులు ఎక్కువ కనిపించడంతో 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. జ్ఞాపకశక్తి విషయంలోనూ దానివల్ల లాభం కనబడలేదు. అందుకే పెద్దవయసులో, ఇతర జబ్బులు లేనివాళ్ళకు 7 నుంచి 7.5, మతిమరుపో నాలుగైదు జబ్బులో ఉన్నవాళ్ళకు 8 దాకా చాలంటారు. షుగర్ దించే గోలీలు వేసుకుంటూ 68 ఏళ్ళ వయసులో 6.1 ఉంటే దాన్ని మంచి వార్త అనుకోవద్దు, ఏదో పడిపోతోందేమో చూడమని చెప్పే గుర్తు అనుకోవాలి.

బీపీకి కూడా ఇదే పద్ధతిలో రెండు వైపులా చూడాలి. కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఊరికే ఉండనివ్వండి. పాదాలు నేలకు ఆని, వీపు గోడకో కుర్చీకో ఆని, చేయి గుండె ఎత్తులో ఉండాలి. అంతకు అరగంట ముందు ఛాయ్, బీడీ వద్దు. రెండుసార్లు కొలిచి రాసుకోండి. తర్వాత నిలబెట్టి మొదటి నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి కొలవండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, లేచినప్పుడల్లా మెదడుకు రక్తం చాలట్లేదని అర్థం. మూడు బీపీ గోలీల మీద, పైగా పదకొండేళ్ళ షుగర్‌తో ఉన్న మనిషికి ఇది మామూలే. కానీ మన దగ్గర నిలబెట్టి బీపీ చూసే అలవాటు తక్కువ. కొలిచేటప్పుడు నాడి కూడా పట్టి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం లెక్క తప్పుతూ ఉంటే ఈసీజీ తీయించాలి. గుండె పైగదులు అదుపు తప్పి కొట్టుకునే ఆ జబ్బులో గడ్డలు కట్టి మెదడుకు పోతాయి, పక్షవాతం భయం ఐదింతలు అవుతుంది. ముందే పట్టుకుంటే గోలీతో చాలావరకు ఆపొచ్చు.

రక్తపరీక్షల్లో క్రియాటినిన్ మళ్ళీ చేయించండి, సోడియం, పొటాషియం తప్పకుండా చూడండి. క్లోర్‌థాలిడోన్ కొందరికి సోడియంను దించేస్తుంది, అదొక్కటే చాలు మనిషి తికమక పడడానికి. బీ12 కూడా అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే అది తగ్గుతుంది, తగ్గితే మరుపు, కాళ్ళ తిమ్మిర్లు వస్తాయి, సూదితోనో గోలీతోనో సరిదిద్దొచ్చు. థైరాయిడ్ కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఏవి ఉన్నాయో అక్కడి ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగి, లేనివే బయట చేయించండి.

కల్లు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. ఈతచెట్టు నుంచో తాటిచెట్టు నుంచో పొద్దున దించిన కల్లు వేరు, కొన్ని కాంపౌండుల్లో అమ్మేది వేరు. మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో అల్ప్రాజోలాం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలపడం ఎన్నోసార్లు బయటపడింది. రెండు గ్లాసులు దొరక్కపోతే చేతులు వణికి నిద్ర పట్టట్లేదంటే దాంట్లో ఉత్త కల్లే ఉందని నమ్మడం కష్టం. ఆ మందులు కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి, నడకను తూలిస్తాయి. దీనికి మూడు దారులున్నాయి. అట్లాగే వదిలేస్తే మిగతా ఎన్ని సరిదిద్దినా మసక పోదు. ఒక్కసారిగా మాన్పిస్తే మూడు నాలుగు రోజుల్లో లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్‌కు చెప్పి, అవసరమైన మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొన్ని వారాల్లో మాన్పించడం మూడోది. కష్టమైనా మూడోదే నేను పట్టుకోమంటాను. పట్టుదలతో మీ అన్న గానీ మీరు గానీ "రేపటి నుంచి బంద్" అని మాత్రం అనొద్దు.

నొప్పి గోలీ ఆపితే మోకాళ్ళు ఊరుకోవు, నిజమే. పారాసిటమాల్ అయితే కిడ్నీకి, బీపీకి అంత హాని లేదు. రోజుకు ఎంతవరకు వేయొచ్చో, కల్లు అలవాటు కూడా చెప్పి డాక్టర్‌ను అడగండి. పైపూతలు, వేడి కాపడం పనికొస్తాయి. ఫ్లోరైడ్‌తో బిగిసిన వెన్నుకు, కీళ్ళకు గుంజి గుంజి వ్యాయామం చేయించొద్దు. గట్టి కుర్చీలో కూర్చొని చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, పూటకోసారి. కూర్చునే మోకాలు చాపి పది అంకెలు లెక్కపెట్టడం. తోటలో చల్లపూట చేతనైనంత దూరం నడక. తాగే నీళ్ళు మాత్రం మిషన్ భగీరథ నల్లావే అయి ఉండాలి, బోరువి కాదు. ఇంట్లో బోరు నీళ్ళతో ఛాయ్, పప్పు కాస్తున్నారేమో కూడా చూడండి.

అన్నగారి ఎమ్మారై మాటకు వద్దాం. ఆర్నెల్లలో ఆయన ఎప్పుడైనా కిందపడి తలకు దెబ్బ తగిలిందా? ఒక చేయో కాలో బలం తగ్గిందా, మూతి వంకర పోయిందా, మాట ముద్దగా వచ్చిందా, నడక ఉన్నట్టుండి మారిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా స్కాన్ వెంటనే. పెద్దవయసులో చిన్న దెబ్బకు కూడా పుర్రె కింద రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత మరుపుగా బయటపడుతుంది; ఆపరేషన్‌తో బాగవుతుంది. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తేడా అప్పుడే మొదలైతే స్కాన్ ఉన్న పెద్ద దవాఖానకే పోవాలి, ఊళ్ళో సూది వేయించుకుంటూ పొద్దు పోగొట్టొద్దు. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు.

ఇవేవీ లేకపోతే స్కాన్‌కు పరుగెత్తడంలో ఒక చిక్కుంది. పదిహేనేళ్ళ బీపీ ఉన్న 68 ఏళ్ళ మెదడు స్కాన్‌లో ఏదో ఒకటి కనిపిస్తుంది. "చిన్న రక్తనాళాల మార్పులు, వయసుకు తగ్గ కుంచించుకుపోవడం" అని రిపోర్టు వస్తుంది. అది చూసి ఇంట్లో అందరూ జబ్బు ఖాయమైందనుకుంటారు, తెల్లవారుజామున షుగర్ పడుతూనే ఉంటుంది. నేనైతే ముందు షుగర్, బీపీ, సోడియం, బీ12, కల్లు సరిదిద్ది, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి, అప్పుడు న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపక పరీక్ష చేయించమంటాను. తెలుగులో, చదువు రానివాళ్ళకు కూడా సరిపోయే పరీక్షలు హైదరాబాద్ నిమ్స్ దవాఖాన లాంటి చోట్ల ఉన్నాయి. స్కాన్ అప్పుడు వాళ్ళు చెబితే తీయించండి. ఆగినందుకు పోయేది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో మరుపు స్పష్టంగా పెరుగుతూ పోతే మాత్రం గడువు చూడకుండా వెళ్ళండి.

అన్నీ సరిచేసినా కొంత మిగలొచ్చు, దానికి మీరు సిద్ధపడి ఉండాలి. వాల్వుల వరుస తప్పడం నన్ను ఆలోచనలో పడేసింది. అది తెల్లవారుజామున చెమటల పూట జరిగింది కాదు, ఏళ్ళుగా చేతికి అలవాటైన పని. ఒక పని తర్వాత ఒకటి వరుసపెట్టి చేసే తెలివి మెదడు ముందుభాగానిది. అక్కడికి రక్తం అందించేవి వెంట్రుకంత సన్నని నాళాలు. మీ తోటలోనే చూస్తారు కదా: మెయిన్ పైపు బాగానే ఉంటుంది, మోటారు బాగానే ఉంటుంది, కానీ ఉప్పు నీళ్ళు పారీ పారీ చివరి వరుసలో డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ముందు చెట్లు పచ్చగా ఉంటే చివరి చెట్టు ఆకు ముడుస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీ, ఎక్కువ షుగర్ మెదడు లోపలి నాళాలకు అదే చేస్తాయి. గోడలు మందమై, దారి ఇరుకై, అక్కడక్కడా శనగగింజ కన్నా చిన్న మచ్చలు పడతాయి. ఆ మనిషికి పేర్లు గుర్తుంటాయి, పాత కథలు గుర్తుంటాయి. పని మందగిస్తుంది, రెండు పనులు కలిసి వస్తే తడబడతారు, అడుగులు చిన్నవవుతాయి. పోయిన భాగం తిరిగి రాదు. ఇక ముందు పడే మచ్చలను ఆపడం మాత్రం బీపీ గోలీతో, కొలెస్ట్రాల్ గోలీతో, బీడీ మానడంతో కుదురుతుంది. కొలెస్ట్రాల్ గోలీ మీరు రాసిన వరుసలో లేదు. షుగర్ ఉన్న ఈ వయసువాళ్ళకు స్టాటిన్ అనే ఆ గోలీ చాలావరకు రాస్తారు, ఎందుకు లేదో అడగండి. అది మరుపు తెస్తుందన్న పుకారును పెద్ద పరిశోధనలు నిలబెట్టలేదు.

మెదడు టానిక్ మీద పెట్టే డబ్బు స్ట్రిప్పులకు పెట్టండి. తాయత్తు కట్టడం వల్ల ఒంటికి హాని లేదు, అమ్మకు ధైర్యమిస్తే కట్టనివ్వండి, దాని కోసం దవాఖాన వాయిదా వేయనంతవరకు.

భూమి రిజిస్ట్రేషన్ గురించి అన్నగారికి ఉన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ ఇప్పుడు సంతకం పెట్టిస్తే అది ఏ పూట పెట్టిన సంతకం అనేది రేపు మీ ఇద్దరి మధ్యే గొడవవుతుంది. నాయిన మనసులో "నన్ను పిచ్చోణ్ణి చేసి రాయించుకున్నరు" అనే మాట నాటుకుంటుంది. రెండు నెలలు ఆగితే, ఆయన తేటగా ఉన్న రోజున, అమ్మా మీరిద్దరూ కూర్చొని ఆయన నోటితోనే ఆయన కోరిక వినొచ్చు. అప్పటికీ అనుమానముంటే డాక్టర్ చేత ఆయన మానసిక స్థితి గురించి రాయించుకొని, వకీలు సలహాతో చేయండి. పరీక్షలు చేసి జబ్బు పెరుగుతుందని తేలితే మాత్రం ఇంకా వాయిదా వేయడం ఆయనకే అన్యాయం. తన నిర్ణయం తాను చెప్పగలిగిన రోజుల్లోనే అది జరగాలి.

ఆయనతో ఎట్లా మాట్లాడాలో మీరు అడగలేదు, కానీ అక్కడే అంతా ఆగిపోవచ్చు. "నీకు మతిమరుపు వచ్చింది నాయినా" అంటే ఆయన దవాఖాన మెట్లెక్కరు. "రాత్రి గోలీ నీకు పడతలేదు, షుగర్ కింద పడుతుంది, గోలీ మార్పిద్దాం" అనండి. ఇందులో అబద్ధం లేదు. గోలీలు వారం డబ్బాలో సర్ది అమ్మకు ఇవ్వండి. ఎరువుల దుకాణంలో ఖాతా పుస్తకం పెట్టించి, ఇచ్చినప్పుడల్లా దుకాణదారు చేత రాయించండి. వాల్వులకు రంగులు వేసి, ఏ రోజు ఏ రంగో గోడ మీద గీయండి. కానీ తోట పని మాన్పించకండి, మార్కెట్‌కు పోవడం మాన్పించకండి. బత్తాయి వ్యాపారులతో ఉర్దూలో బేరం చేసే మనిషైతే ఇంకా మంచిది. నిమ్స్‌లో 648 మంది మతిమరుపు పేషెంట్లను చూసి 2013లో అచ్చువేసిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది, చదువు రానివాళ్ళలో కూడా. టీవీ శబ్దం ఈ మధ్య పెంచుతున్నారా అన్నది గమనించండి. చెవి వినపడకపోవడం కూడా మెదడును ముసలిదాన్ని చేస్తుంది, దానికి మిషన్ ఉంది.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో సగం పేజీ కూడా దీనికి ఇవ్వలేదు, కానీ ఈ ఇంట్లో ఎక్కువ లాభం పొందగలిగింది మీరే. నడుం 90 సెంటీమీటర్లు దాటడం, ట్రైగ్లిజరైడ్స్ 150 దాటడం, మంచి కొలెస్ట్రాల్ 40 లోపు ఉండడం, బీపీ 130/85 దాటడం, పరగడుపు షుగర్ 100 దాటడం, ఈ ఐదింటిలో మూడుంటే జీవక్రియ గాడి తప్పిందని అంటారు. మీకు ఐదూ ఉన్నాయి. రాసిపెట్టి ఉందా అన్నారు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచంలో మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతం, మార్చుకోగల 14 కారణాలతో ముడిపడి ఉన్నాయి. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ, కదలకుండా కూర్చోవడం అందులోవే. వాటిలో చాలావాటిని సరిదిద్దాల్సిన కాలం నలభైలూ యాభైలే, డెబ్బైలు కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగులను దశాబ్దాలపాటు గమనించిన వైట్‌హాల్ అధ్యయనంలో, 50 ఏళ్ళప్పుడు పై బీపీ 130 దాటినవాళ్ళకు తర్వాత మతిమరుపు జబ్బు ఎక్కువగా వచ్చింది. అమెరికాలో 9,361 మందితో జరిగిన స్ప్రింట్ అనే పరిశోధనలో పై బీపీని 120 లోపు ఉంచినవాళ్ళకు, 140 లోపు ఉంచినవాళ్ళకంటే మతిమరుపు తొలిదశ 19 శాతం తక్కువగా కనిపించింది. ముదిరిన జబ్బు విషయంలో తేడా అంత స్పష్టంగా తేలలేదు. షుగర్ ఉన్నవాళ్ళను అందులో చేర్చుకోలేదు, కాబట్టి ఆ 120 అంకెను నాయినకు తగిలించకండి.

ఏడు రోజులు పొద్దున, రాత్రి ఇంట్లో బీపీ కొలిచి, మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 దాటితే అది నిజమైన బీపీ. అప్పుడు మీకు రెండు దారులు. మూడు నెలలు తిండి, నడక, బరువు మీద గట్టిగా పనిచేసి మళ్ళీ చూడొచ్చు. నిజంగా చేస్తేనే, లేకపోతే ఆ మూడు నెలలు మూడేళ్ళవుతాయి. లేదా గోలీ ఇప్పుడే మొదలుపెట్టి, బరువు తగ్గాక డాక్టర్‌తో కలిసి దాన్ని తగ్గించే సంగతి చూడొచ్చు. ఐదు అంకెలూ తప్పిన మనిషికి రెండోదానివైపే నా మొగ్గు. జీవితాంతం వేసుకోవాల్సి వస్తుందన్న భయంతో గోలీ మొదలుపెట్టకపోవడమే మన ఇళ్ళలో పక్షవాతానికి దారి తీస్తోంది.

మిల్లులో లెక్కల కుర్చీ మీది. గంటకోసారి లేచి గోదాం దాకా పోయిరండి, మధ్యాహ్నం, రాత్రి తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడవండి. తిన్న తర్వాతి షుగర్‌ను దించడంలో అది బాగా పనిచేస్తుంది. వారానికి మొత్తం 150 నిమిషాలు చెమట పట్టే నడక, రెండు రోజులు కండలకు పని. బువ్వ మానక్కర్లేదు, గిన్నెతో కొలిచి పెట్టుకోండి, తగ్గించిన చోటును పప్పుతో, కూరతో, గుడ్డుతో నింపండి. జొన్న రొట్టె మంచిదే, అయితే నాలుగు రొట్టెలు తిని బువ్వ మానేశాననుకుంటే లాభం లేదు. గట్కా, తైదంబలి కూడా అంతే. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, వంటలో వేసేదీ పచ్చడిలోదీ కలిపి. షాపుల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు మీకు కిడ్నీ బాగుంటే పనికొస్తుంది. అదే డబ్బా ఊళ్ళో వంటింట్లో పెట్టకండి. అందులో పొటాషియం ఉంటుంది; క్రియాటినిన్ 1.6తో టెల్మిసార్టాన్ వేసుకునే నాయినకు అది గుండె లయను దెబ్బతీసేంత ప్రమాదం. కొబ్బరి నీళ్ళూ ఆయనకు రోజూ వద్దు, బత్తాయి రసమూ వద్దు. షుగర్ పడిపోయిన పూట మాత్రం ఏది చేతికి అందితే అది ఇవ్వండి.

రాత్రి మూడింటికి అలారం పెట్టుకొని లేచి వేలు గుచ్చడం అమ్మ ఒక్కదానితో అయ్యే పని కాదు. మొదటి వారం సెలవు పెట్టి మీరే ఊళ్ళో పడుకోండి. తేదీ, సమయం, షుగర్, రాత్రి ఏం తిన్నారు, ఎన్ని గ్లాసులు తాగారు, అప్పుడెట్లా ఉన్నారు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి రాయండి. డాక్టర్ దగ్గరికి పోయిన రోజు అప్పటిదాకా రాసిన ఆ పేజీనే ముందు చూపించి, ఆ తర్వాతే మిగతా రిపోర్టులు చేతికివ్వండి.